తరుగు మీద గ్రామసభలో మూడు నిమిషాలు: ఏ మాట ఎక్కడ వాడాలి?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. వడ్ల కొనుగోలు కేంద్రంలో 40 కిలోల బస్తాకు కిలో తరుగు (తూకంలో కోత) తీస్తున్నారు. గ్రామసభలో తహసీల్దారు ముందు మూడు నిమిషాలు మాట్లాడాలి. ఎట్ల మాట్లాడితే పని అవుతుంది?

జవాబు: ముందు చివరి వాక్యం రాసుకోండి. "తేమ 17 శాతం లోపు ఉండి, తాలు, మట్టి లేని వడ్లకు తరుగు తీయొద్దని ఈ సభ తీర్మానం రాయాలె." (తాలు అంటే పొల్లు గింజ.) ఈ వాక్యానికి పనికిరాని ఉపమానం ఎంత బాగున్నా కొట్టేయండి. మొత్తం 250 మాటలు దాటనీయకండి. మైకు పట్టుకుంటే ఎవరైనా వేగం పెంచుతారు, అది చప్పట్లకే తప్ప చెవులకు అందదు.

"రెండున్నర శాతం కోత" అని మొదలుపెడితే ఎవరికీ కడుపు మండదు. అదే లెక్కను బస్తాల్లో చెప్పండి: "నూరు బస్తాలు పోసిన రైతు రెండు నిండు బస్తాలు, ఒక సగం బస్తా కాంటా పక్కన ఊరికే వదిలి ఇంటికి పోతున్నడు." అక్కడ ఒక్క క్షణం ఆగి, "అది క్వింటాలు. 2025–26లో ఏ గ్రేడ్ వడ్లకు మద్దతు ధర 2,389 రూపాయలు" అనండి. బస్తాలు ముందు, రూపాయలు తర్వాత. గోనెసంచి బరువును మాత్రం తరుగులో కలపకండి. ఆ తప్పు ఒక్కటి దొరికితే మిగతా లెక్కంతా అబద్ధం కిందికి పోతుంది.

తర్వాత మూడు పొడి వాక్యాలు, ఒకే ముగింపుతో: "ఎండబెట్టినం. తూర్పారబట్టినం. తేమ చూపించినం." అంత్యప్రాస దానంతటదే వస్తుంది, పైగా అది మన యాస. ఇక్కడ "ఎండబెట్టితిమి" అంటే నవ్వుతారు. నాలుగోది చేర్చకండి, పట్టు సడలుతుంది. మూడోదాని తర్వాత గొంతు తగ్గించి "ఇగ తరుగు దేనికి?" అనండి. ఆ తగ్గింపే దెబ్బ. అలంకారశాస్త్రంలో గొంతు మార్పుకు కాకువు అని పేరే ఉంది. ఒకే మాట గొంతును బట్టి నిందగానో ఆశ్చర్యంగానో మారిపోతుంది.

ప్రశ్నల్లో జాగ్రత్త. "ఎందుకు కోస్తున్నరు?" అంటే "తాలు ఉంది కాబట్టి" అని జవాబు వస్తుంది, మీరు అక్కడితో ఆగిపోతారు. తేమ చీటీ చేతిలో పట్టుకుని "ఇందుల 16 అని రాసి ఉంది. 17 లోపలా, బయటా?" అనండి. జవాబు మీ చేతిలో ఉన్న ప్రశ్నే సభలో వేయాలి.

ఎదుటివాడు అనబోయే మాట మీరే ముందు ఒప్పుకోండి: "తాలు ఉంటే మళ్ల తూర్పారబట్టిపిస్తం." ఇది ఎంత పనిచేస్తుందో చాలామందికి తెలియదు, తలొగ్గినట్టు అవుతుందని భయపడతారు.

సామెత ఒక్కటే. "కంచే చేను మేసె" అంటే సంతకం పెట్టాల్సిన అధికారినే దొంగ అన్నట్టు, ఆయన తనను కాపాడుకునే పనిలో పడతాడు. "దేవుడు వరమిచ్చినా..." అని ఆపండి. మిగతా సగం జనమే అందుకుంటారు. వాళ్ల నోటితో వచ్చిన మాట వాళ్లదవుతుంది, పూజారి ఎవరో మీరు చెప్పనక్కర్లేదు.

అతిశయోక్తి అసలు వద్దు. "ఊరంతా ఉరేసుకుంటది" అంటే అధికారి ఆ మాటకే జవాబు చెప్పి, తరుగు సంగతి దాటేస్తాడు.

వినతిపత్రం వేరే తీరు: అందులో సామెత, ప్రాస, ప్రశ్న ఏదీ ఉండదు. మొదటి వాక్యంలోనే కోరిక, కింద తేదీలు, బస్తాలు, చీటీల జిరాక్సులు, రెండో కాపీ మీద అందినట్టు సంతకం.

తీర్మానం మాట అనగానే కూర్చోండి. "ఇంకో ముచ్చట" అని మళ్లీ లేస్తే, కార్యదర్శి పుస్తకంలో ఆ రెండోదే రాసుకుంటాడు.