దొంగ సంతకం పెట్టాడు, ఏం చేయాలి?

ప్రశ్న: మా బాబు ఏడో తరగతి. ఎఫ్‌ఏ-2 (బడిలో పెట్టే రెండో ఫార్మేటివ్ అసెస్‌మెంట్)లో లెక్కల్లో 50కి 17 వచ్చాయి. ప్రోగ్రెస్ కార్డు మాకు చూపించకుండా వాళ్ల నాన్న సంతకం వాడే పెట్టేశాడు. టీచర్ పట్టుకుని, క్లాసులో అందరి ముందూ నిలబెట్టి మార్కులు చదివారట. అప్పటి నుంచి బడికి వెళ్లనంటున్నాడు. ఈయనేమో బెల్టు తీస్తానంటున్నారు.
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముందు ఆ బెల్టు బీరువాలో పెట్టించండమ్మా. దొంగ సంతకం తప్పే, ఆ మాట వాడికి ఒక్కసారి గట్టిగా చెప్పి వదిలేయండి. మార్కుల కంటే మీ ఆయనకే ఎక్కువ భయపడ్డాడని తెలుస్తూనే ఉంది కదా.

ఇంతకీ ఆ 17 ఎలా వచ్చిందో చూశారా? ఎఫ్‌ఏ అంటే ఒక్క రాత పరీక్షే కాదు, స్లిప్ టెస్టు అనే చిన్న రాత పరీక్షతో పాటు నోటు పుస్తకాలు, ప్రాజెక్టు పని కూడా కలుస్తాయి కాబట్టి, లెక్కలు వచ్చినా నోట్సు చూపించని పిల్లలకి మార్కులు తగ్గుతాయి. స్లిప్ టెస్టు కాగితం అడిగి తెచ్చుకుని వాడి పక్కన కూర్చోండి. మైనస్ గుర్తు మర్చిపోయాడా, అసలు లెక్క మొదలే పెట్టలేదా? రెండింటికీ మందు వేరు. (మా ఇంట్లో అయితే అంతా ఆ మైనస్ గొడవే!)

టీచర్‌ని కలవండి, పోట్లాటకి మాత్రం కాదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసిక వేధింపునూ నిషేధించింది, ఆ సంగతి నెమ్మదిగానే గుర్తుచేయండి. ఈసారి కార్డు వచ్చినప్పుడు మీ ఆయన సంతకం పెడుతుంటే మీరు పక్కనే ఉండండి.