ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా: పాఠం ఎలా చెప్పాలి?

ఒడిశాలోని పర్లాకిమిడి వంటి ఊళ్లలో ఒడియా మాధ్యమంలో చదివే తెలుగు పిల్లలకు పాఠం చెప్పేవారి బోధనా సిద్ధాంతం ఏమిటని అడిగారు. నాది చిన్నదే: విషయం ముందు, బడి భాష తరువాత.

సంతలో వంకాయలు అమ్మే తల్లి పక్కన కూర్చుని యాభై నోటుకు తప్పు లేకుండా చిల్లర ఇచ్చే పిల్ల, అదే తీసివేత ఒడియా పుస్తకంలో కనబడితే బిక్కమొహం వేస్తుంది. లెక్క రాక కాదు, వాక్యం అందక. అందుకే లెక్కను ముందు తెలుగులో తన మాటల్లో చెప్పమంటాను. చేశాక అదంతా ఒడియాలో రాయిస్తాను. ఈ రెండో పని వదిలేస్తే మొదటిది దండగే. పరీక్ష ఒడియాలోనే కదా! చూచిరాతతో పుస్తకాలు నింపించడాన్ని మాత్రం నేను బోధనగా లెక్కించను.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. పర్లాకిమిడిలోనే ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి (1863–1940) సవర అనే గిరిజన తెగ పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని తాను సవర నేర్చుకుని, వాచకాలు తయారుచేశారు. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైనచోట కనీసం అయిదో తరగతి వరకు ఇంటి భాషలో బోధించమంటుంది.

తరగతిలో సవర, ఒడియా పిల్లలు కూడా ఉంటే, ఒకే ఇంటి భాష గలవారిని జంటలుగా కూర్చోబెడతాను. గోల ఎక్కువే, పక్క తరగతివారు విసుక్కుంటారు కూడా.