మా సంస్థ గురించిన వికీపీడియా వ్యాసాన్ని నేనే దిద్దవచ్చా?

పూర్తి నిషేధం లేదు గానీ, నేరుగా చెయ్యి పెట్టకపోవడమే మేలు. జీతానికో ఫీజుకో రాస్తుంటే వెల్లడించడం తప్పనిసరి. 2014 నుంచి వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ వాడుక నియమాల్లోనే ఆ షరతు ఉంది. యజమాని, క్లయింటు, వారితో మీకున్న సంబంధం: ఇవి మీ వాడుకరి పేజీలోనో (మీ ఖాతాకు ఉండే పేజీ), వ్యాసపు చర్చా పేజీలోనో (ఆ వ్యాసం గురించి మాట్లాడుకునే పేజీ), దిద్దుబాటు సారాంశంలోనో (మార్పును భద్రపరిచేటప్పుడు రాసే చిన్న వివరణ) రాయాలి.

ఆ తర్వాత కావలసిన మార్పును చర్చా పేజీలో అడగండి. "వ్యాసం తప్పుల తడక, సరిచేయండి" అంటే ఎవరూ కదలరు. తీసేయాల్సిన వాక్యం, దాని స్థానంలో రావాల్సిన వాక్యం, ఆధారం, మూడూ ఇవ్వాలి. స్థాపించిన ఏడాది లాంటి పొడి వివరాలకు మీ వెబ్‌సైటు చాలు. "అగ్రగామి సంస్థ" అనాలంటే మాత్రం మీతో సంబంధం లేని పత్రికా కథనం ఉండాలి (ఉన్నా ఆ మాట నిలుస్తుందని ఆశపడొద్దు).

అక్షరదోషాలు, ఎవరో రాసిపోయిన బూతులు మీరే తీసేయొచ్చు. విమర్శల విభాగాన్ని మాత్రం ముట్టుకోకండి. ప్రతి మార్పూ పేజీ చరిత్రలో పేరు, సమయంతో సహా ఉంటుంది. చెరిపిన సంగతే వార్త కావచ్చు. ఇంకో ఖాతాతో మీకు మీరే మద్దతు పలికితే రెండు ఖాతాలనూ నిరోధించవచ్చు.