గ్రూప్ ప్రాజెక్టులో ఇద్దరే పని చేస్తుంటే: స్లైడ్లు కాదు, కస్టమర్లను పంచుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఎంబీఏ మార్కెటింగ్‌లో చేరారు, ఆరుగురి గ్రూప్‌లో ఇద్దరే పని చేస్తున్నారు, మార్కులు మాత్రం అందరికీ ఒకటే. ఈ ప్రాజెక్టుల వల్ల నిజంగా ఏమైనా వస్తుందా, మిగతావాళ్ల సంగతి సార్‌కి చెప్పాలా వద్దా?

నేనూ హైదరాబాద్‌లోనే మార్కెటింగ్ చదువుతున్నాను, చివరి సెమిస్టర్. వస్తుంది అనే అంటాను. కాకపోతే పని పంచుకునే తీరు మారాలి. బద్ధకస్తులు ప్రతి గ్రూప్‌లోనూ ఉంటారు, కానీ వాళ్లకు దాక్కునే చోటు చూపించేది మనమే.

మామూలుగా ఏం జరుగుతుందో మీకు తెలిసిందే. టాపిక్ రాగానే వాట్సాప్ గ్రూప్ పడుతుంది. "ఫోర్ పీస్ (మార్కెటింగ్‌లో P అక్షరంతో మొదలయ్యే నాలుగు అంశాలు) ఉన్నాయి కదా, తలా ఒకటి" అని ఎవరో అంటారు. ప్రొడక్ట్, ప్రైస్, ప్లేస్, ప్రమోషన్ నలుగురికి పోతాయి. అయిదో మనిషికి ఇంట్రడక్షన్. ఆరో అతను "ఫైనల్‌గా అలైన్‌మెంట్ నేను చూస్తా మామా" అంటాడు. మార్కెటింగ్ ప్రొఫెసర్ మెకార్తీ 1960లో ఈ నాలుగింటినీ ఒక్కచోట చేర్చింది వాటిని కలిపి ఆలోచించమని. మనం అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు పంచుకుంటాం. ధర గురించి రాసే మనిషికి ఆ సరుకు ఎక్కడ అమ్ముతున్నారో తెలియదు. ప్రజెంటేషన్ ముందురోజు రాత్రి ఒకరు నిద్ర మానుకుని ఆరు రకాల ఫాంట్లను ఒక ఫాంట్‌లోకి తెస్తారు.

ఇక సర్వే. గూగుల్ ఫారం చేసి స్కూల్, ఇంటర్, బీటెక్ వాట్సాప్ గ్రూపుల్లో పడేస్తాం. నింపేది అంతా మన వయసువాళ్లే. చేతికి దొరికినవాళ్లనే అడిగి, రిపోర్టులో దాన్ని "కన్వీనియన్స్ శాంప్లింగ్" అంటాం, వినడానికి గౌరవంగా ఉంటుందని.

ఈ జబ్బు మన కాలేజీలదే కాదు. ఫ్రాన్స్‌లో రింగెల్‌మన్ అనే వ్యవసాయ ఇంజనీర్ మనుషుల చేత తాడు లాగించి చూశాడు. ఎనిమిది మంది కలిసి లాగితే ఒక్కొక్కరి వాటా, ఒంటరిగా లాగినప్పటి బలంలో సుమారు సగానికి పడిపోయింది. ఆ ఫలితాలు 1913లో అచ్చయ్యాయి. 1979లో లాటానే, విలియమ్స్, హార్కిన్స్ అనే సైకాలజిస్టులు చప్పట్లు కొట్టించి, కేకలు పెట్టించి మళ్లీ పరీక్షించి, గుంపులో మనిషి ఇలా సడలిపోవడానికి సోషల్ లోఫింగ్ అని పేరు పెట్టారు. తర్వాతి ప్రయోగాల్లో తేలిందేమిటంటే, ఎవరి వంతు ఎంతో విడిగా కనిపిస్తుందని తెలిస్తే ఆ సడలింపు చాలావరకు పోతుంది. మా ఆర్గనైజేషనల్ బిహేవియర్ క్లాసులో ఇదంతా చెప్పారు. చెప్పి, మళ్లీ ఆరుగురికీ కలిపి ఒకే మార్కు వేశారు. అది వేరే కథ.

పోయిన సంవత్సరం మా గ్రూప్‌కి వచ్చిన టాపిక్ నగరంలో కూరగాయల కొనుగోలు: రైతు బజార్లా, నిమిషాల్లో ఇంటికి తెచ్చే యాప్‌లా? రైతు బజార్లు ఉమ్మడి రాష్ట్రంలో 1999లో మొదలయ్యాయి, రైతులు దళారులు లేకుండా నేరుగా అమ్ముకోవడానికి. ఈసారి ఫోర్ పీస్ వద్దనుకుని చోట్లు పంచుకున్నాం. ఇద్దరు ఎర్రగడ్డ, ఇద్దరు మెహిదీపట్నం, ఇద్దరు కూకట్‌పల్లి. షరతు ఒక్కటే: ఎవరు ఎవరితో మాట్లాడారో, వాళ్లు ఏమన్నారో, అన్నది అన్నట్టే అదేరోజు రాత్రి అందరికీ కనిపించే ఆన్‌లైన్ షీట్‌లో తమ పేరు కింద రాయాలి.

ఎర్రగడ్డలో నేను, ఇంకో అమ్మాయి. ఆ రోజు రేట్లు రాసిన బోర్డు పక్కన నిలబడి, రెండు సంచులతో వస్తున్న ఒకామెను ఆపాం. "పూర్తిగా అంగీకరిస్తాను" నుంచి "అస్సలు అంగీకరించను" వరకు ఐదు గడులున్న కాగితం ఇవ్వబోతే, "ఏందమ్మా ఇది, పరీక్షనా?" అంది. నా పార్ట్‌నర్ కాగితం మడిచి బ్యాగులో పెట్టేసి, "ఇయ్యాల ఏమేం తీసుకున్నరు అక్కా?" అని అడిగింది. అంతే, ఆమె సంచి నోరు తెరిచి చూపించింది. టమాటా, బెండకాయ, గోంగూర, కొసరుగా వేసిన కరివేపాకు. "వారానికి సరిపడా ఈడ్నే. రాత్రిపూట కొత్తిమీర అయిపోతే పిల్లలు ఫోన్ల తెప్పిస్తరు" అంది.

మా ఫారంలో "మీరు కూరగాయలు ఎక్కడ కొంటారు?" అని, ఏదో ఒకదానికి టిక్ పెట్టమన్నాం. ఆమె ఇంట్లో రెండూ ఉన్నాయి. వారం సరుకు అమ్మ కొంటుంది, అర్ధరాత్రి కొత్తిమీర పిల్లలు కొంటారు. అంటే కస్టమర్‌ను ఇంటిని బట్టి కాకుండా అవసరం పడిన సందర్భాన్ని బట్టి విడదీయాలి. ఇలా కస్టమర్లను విడదీయడాన్నే సెగ్మెంటేషన్ అంటారు. ఆ చాప్టర్ చదివి పరీక్ష పాసయ్యాను గానీ, అది బుర్రకెక్కింది ఆ సంచి దగ్గరే.

మెహిదీపట్నం వెళ్లినవాళ్లలో ఒకతను ఆన్‌లైన్ మీటింగుల్లో కెమెరా ఆన్ చేసేవాడు కాదు, నోరు విప్పేవాడు కాదు. పాతబస్తీ అబ్బాయి, దక్కనీలో మాట కలిపితే జనం కదలరు. అందరికంటే పొడుగు నోట్స్ అతనివే. తర్వాత ఇరానీ హోటల్లో కూర్చుంటే, మా సందర్భాల లెక్క తన షీట్‌లో కుదరట్లేదని గట్టిగా వాదించాడు. అక్కడ చాలామంది యాప్ జోలికే పోలేదు మరి. తలా కొంతమంది కస్టమర్ల మాటలు చేతిలో ఉండేసరికి, ఎవరూ ఊరికే తలూపలేకపోయారు.

అన్నీ సర్దుకున్నాయని అనను. ఒకతనికి నైట్ షిఫ్ట్ ఉద్యోగం, బజారుకు రాలేడు. అతనికి అందరి నోట్స్ చదివి కోడింగ్ చేసే పని, అంటే ఒకేలాంటి మాటలను ఒక పేరు కింద చేర్చే పని ఇచ్చాం, చక్కగా చేశాడు. కూకట్‌పల్లిలో ఒకతను మాత్రం అస్సలు వెళ్లలేదు, అతనికీ మా మార్కులే వచ్చాయి. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇక సార్‌కి చెప్పడం. ప్రాజెక్టు అయ్యాక చెబితే అది చాడీలాగే ఉంటుంది. గ్రూప్‌లోవాళ్లే ఒకరికొకరు మార్కులు వేసే పీర్ ఇవాల్యుయేషన్ ఉన్నా లాభం తక్కువ, అందరం ఒకరికొకరం పదికి పది వేసుకుంటాం. సగంలో ఉండగానే వెళ్లి, మనిషి మనిషికీ విడిగా వైవా పెట్టమని అడగండి. పేర్లు చెప్పనక్కర్లేదు. రిపోర్టు గూగుల్ డాక్స్‌లో రాస్తే ఎవరు ఎప్పుడు ఏం రాశారో వెర్షన్ హిస్టరీలో ఎలాగూ ఉంటుంది. ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలో కూడా రిపోర్టు ఎవరూ తెరవలేదు, "ఇందులో నువ్వు చేసిందేంటి?" అన్నారు. నేను ఆ సంచి సంగతే చెప్పాను.

మీ గ్రూప్‌లో పని చేయని నలుగురికీ ఈ వారం స్లైడ్లు ఇవ్వకండి. తలా ఐదుగురు కస్టమర్లను అప్పజెప్పి, షీట్ లింక్ గ్రూప్‌లో పెట్టండి. సోమవారానికి ఎవరి వరుస ఖాళీగా ఉందో అందరికీ కనిపిస్తుంది. సార్ దగ్గరికి వెళ్లాలా వద్దా అన్నది అప్పుడు చూసుకోవచ్చు.