వీఎంలు నడిపే కెర్నల్ సొంతంగా రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఫైనలియర్ ప్రాజెక్టుకి వీఎంలు (వర్చువల్ మెషీన్లు, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు) నడిపే కెర్నల్ (ఓఎస్ గుండెకాయ) మొదటి లైన్ నుంచీ సొంతంగా రాయాలా, వీఎంలు నడపడానికి లైనక్స్ కెర్నల్‌లోనే ఉన్న కేవీఎం మీద కట్టుకుంటే సరిపోతుందా అని అడిగారు కదా. కొన్నేళ్లుగా ఈ హైపర్‌వైజర్ (వీఎంలు నడిపే సాఫ్ట్‌వేర్) పనిలోనే ఉన్నా, నన్నడిగితే ముందు కేవీఎం మీదే చెయ్యండి. బేర్ మెటల్ మీద, అంటే కింద ఏ ఓఎస్సూ లేకుండా దిగితే, వీఎంసీఎస్‌లో (వీఎం స్థితి రాసిపెట్టే పట్టీ) ఎక్కడో ఒక ఫీల్డు తేడా ఉందని ఇంటెల్ ప్రాసెసర్ ఎగ్జిట్ రీజన్ 33 పడేసి ఊరుకుంటుంది, అంటే గెస్ట్ (వీఎం లోపల నడిచే సిస్టమ్) స్టేట్ చెల్లదని, ఏ ఫీల్డో మాత్రం చెప్పదు, ఇక మాన్యువల్ ముందేసుకుని సెగ్మెంట్ రిజిస్టర్లు ఒక్కోటీ సరిచూసుకుంటూ కూర్చోవాలి. సెమిస్టర్ దానికే సరి.

అసలు డిజైన్ అంతా ఎగ్జిట్ (గెస్ట్ ఆగి కంట్రోల్ హైపర్‌వైజర్ చేతికి రావడం) వచ్చాక దాన్ని ఎవరు చూసుకోవాలన్న దగ్గరే ఉంది. గెస్ట్ లైనక్స్ బూట్ అవుతూ సీరియల్ కన్సోల్ మీద మెసేజ్‌లు కొడుతుంది చూడండి, ఒక్కో అక్షరానికి 3ఎఫ్8 పోర్టుకి ఒక రైట్, ఒక్కో రైట్‌కి ఒక ఎగ్జిట్, అది కెర్నల్ దాటి యూజర్‌స్పేస్‌లో (మామూలు ప్రోగ్రాములు నడిచే చోట) డివైస్‌లను అనుకరించే క్యూఈఎంయూ దాకా వెళ్లి రావాలి. వీఎంల కోసమే చేసిన వర్టియో డివైస్‌లు వచ్చింది అందుకే, వాటితో గెస్ట్ డేటా అంతా షేర్డ్ మెమరీ రింగ్‌లో పెట్టేసి ఒక్కసారి కబురు చెప్తుంది. మాటిమాటికీ తగిలే లోకల్ ఎపిక్‌ని (సీపీయూకి ఇంటరప్ట్‌లు అందించే భాగం) మాత్రం కేవీఎం మామూలుగా కెర్నల్ లోపలే ఉంచుతుంది. మరి అన్నీ లోపలే పెట్టేస్తే పోలా అంటే, డివైస్ కోడ్‌లో ఒక్క బగ్ చాలు, గెస్ట్‌లో ఉన్నోడికి నేరుగా హోస్ట్ (వీఎంలను మోసే అసలు మెషీన్) కెర్నల్‌లోకే దారి దొరుకుద్ది.

ఇంకోటి షెడ్యూలింగ్. జెన్ అనే ఇంకో హైపర్‌వైజర్ వాళ్లు సొంత షెడ్యూలర్ రాసుకున్నారు, 2007లో లైనక్స్ 2.6.20తో వచ్చిన కేవీఎం ఆ గొడవే పెట్టుకోలేదు, దాంట్లో వీసీపీయూ (గెస్ట్‌కి కనిపించే సీపీయూ) అంటే మామూలు థ్రెడ్డే, టాప్ కమాండ్ -H తో కొడితే కనిపిస్తుంది, వాడకానికి హద్దు పెట్టే సీగ్రూప్‌లో వేసుకోవచ్చు. హాయిగానే ఉంటది గానీ, గెస్ట్‌లో ఒక వీసీపీయూ స్పిన్‌లాక్ (దొరికేదాకా తిరుగుతూ కాచుకునే లాక్) పట్టుకుని ఉన్నప్పుడే హోస్ట్ దాన్ని సీపీయూ మీంచి దించేసిందనుకోండి, మిగతావన్నీ ఆ లాక్ కోసం ఊరికే తిరుగుతుంటాయి. కోర్లకంటే చాలా ఎక్కువ వీసీపీయూలు ఎక్కించిన ఒక మెషీన్ మీద మాకు ఇదే అయింది, గెస్ట్‌లో సీపీయూ నూటికి నూరు, పని మాత్రం కదలదు. ఎగ్జిట్లు లెక్కేసే పెర్ఫ్ కేవీఎం స్టాట్ పెట్టి చూస్తే పాజ్ ఎగ్జిట్లు (లాక్ కోసం తిరుగుతుంటే వచ్చేవి) కుప్పలు. గెస్ట్‌లో పారావర్చువల్ స్పిన్‌లాక్ ఆన్ చేశాక దారికొచ్చింది, దాంట్లో లాక్ దొరక్కపోతే వీసీపీయూ కాసేపు తిరిగి హాల్ట్ అయిపోతుంది, లాక్ వదిలినవాళ్లు లేపుతారు. మీరు సొంత కెర్నల్ రాసినా ఇది తప్పదు, గెస్ట్ లోపల ఏం జరుగుతుందో షెడ్యూలర్‌కి కనపడదు మరి.

మొదటి టార్గెట్ చిన్నగా పెట్టుకోండి, 16 బిట్ రియల్ మోడ్‌లో (ప్రాసెసర్ పాత, సులువైన మోడ్) ఒక అక్షరం ప్రింట్ చేసి హాల్ట్ అయ్యే గెస్ట్ చాలు, ఎనిమిదో తొమ్మిదో రకాల ఐఓసీటీఎల్ కాల్స్‌తో (కేవీఎంకి పని చెప్పే సిస్టమ్ కాల్స్) అయిపోద్ది. అది నడిచాక లైనక్స్ ఇమేజ్ సంగతి. ఇంతకీ మీ ల్యాప్‌టాప్‌లో లైనక్స్ నేరుగా ఉందా, వర్చువల్‌బాక్స్‌లోనా? వర్చువల్‌బాక్స్ అయితే నెస్టెడ్ ఆప్షన్ (వీఎం లోపల వీఎం నడపనిచ్చేది) ఆన్ చెయ్యండి, లేకపోతే డెవ్ కింద కేవీఎం ఫైలే కనపడకపోవచ్చు.