మా వాడు ఆ ఉత్తరం రాయొచ్చా?

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని, మాది నర్సంపేట దగ్గర. మా అబ్బాయి మెల్‌బోర్న్‌లో చదువు అయిపోయి, మంచి ఉద్యోగం దొరికేదాకా ఒక గోదాములో పని చేస్తున్నాడు. వాడి రూములో ఉండే అతను శ్రీలంక తమిళుడు, కిలినొచ్చి వైపు ఊరు. యుద్ధం చివర్లో, అతనికి పదిహేడేళ్లప్పుడు, ఎల్టీటీఈ వాళ్లు, అదే వేరే దేశం కోసం పోరాడిన తమిళ పులులు, ఇంటి నుంచి పట్టుకుపోయి బంకర్లు తవ్వించారట, దెబ్బ తగిలినవాళ్లను మోయించారట. భయపడి ఈ సంగతి మొదటి ఇంటర్వ్యూలో చెప్పలేదు. ఆశ్రయం కోసం పెట్టుకున్న దరఖాస్తు కొట్టేశారు. ఇప్పుడు అప్పీలుకు పోతూ, మా వాడిని ఒక ఉత్తరం రాసిమ్మంటున్నాడు. టెర్రరిస్టు సంస్థతో సంబంధం ఉన్న మనిషికి ఉత్తరం ఇస్తే మా వాడి వీసాకు ఏమన్నా అవుతుందా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఇంకోటి, తుపాకుల వాళ్లతో ఉన్నానని చెప్పుకుంటే కేసు నిలబడుతుందా, ఉన్నది కూడా పోతుందా?
– పేరు వద్దన్నారు

జవాబు: సార్, ముందు మీ భయం సంగతి. కళ్లారా చూసింది ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టినంత మాత్రాన మీ అబ్బాయి వీసా పోదు. అక్కడ అప్పీళ్లు వినే ట్రిబ్యునల్‌కు ఇట్లాంటి ఉత్తరాలు మామూలే, రూమ్మేట్లు రాస్తారు, చర్చి వాళ్లు రాస్తారు, పని ఇచ్చిన యజమానులు రాస్తారు. వీసాకు ముప్పు వచ్చేది అబద్ధం రాస్తేనే. కాబట్టి "అతన్ని ఎల్టీటీఈ బలవంతంగా తీసుకుపోయింది" అని మీ వాడు రాయొద్దు, వాడు అక్కడ లేడు. రాత్రిళ్లు ఉలిక్కిపడి లేవడం చూసి ఉంటే అది రాయమనండి. ఈ సంగతి తనకు మొదటిసారి ఎప్పుడు చెప్పాడు, ఎట్లాంటి సందర్భంలో చెప్పాడు, అది అన్నిటికన్నా ముఖ్యం. ఎందుకో కింద చెప్తాను.

రెండో ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మా ఊరికి పోవాలి. మాది పరకాల అవతల. 90లలో ఒక రాత్రి మా పక్కింటికి నక్సలైట్ల దళం వచ్చింది, అవ్వ అన్నం వండి పచ్చిపులుసు పోసింది, తిని వెళ్లిపోయారు. పొద్దున పోలీసులొచ్చారు. అవ్వ కడిగి గోడ మీద బోర్లించిన గంజును, అదే వంట గిన్నెను చూసి, ఇంట్లో ఉండేది ముగ్గురైతే ఇంత పెద్ద గంజు ఎందుకు కడిగినవని అడిగారు. అంతే, కొడుకును తీసుకుపోయారు. తర్వాత ఎన్నో ఏళ్లు అతను వారం వారం స్టేషన్‌కు పోయి సంతకం పెట్టి వచ్చేవాడు. అవ్వ పెట్టింది అభిమానంతోనా, భయంతోనా అని ఎవరూ అడగలేదు. మన వరంగల్ జిల్లాలో ఈ కథ ప్రతి ఊళ్లో ఒకటి ఉంటుంది, మీకు నేను చెప్పేదేముంది.

ఆశ్రయం కేసులో ఆ గంజు సంగతీ చూస్తారు, ఎవరూ అడగని ఆ ప్రశ్నా అడుగుతారు. అంటే, తిరిగి పోతే ఆ ప్రభుత్వం నిన్ను ఎవరనుకుంటుంది, ఏం చేస్తుంది? నువ్వు నిజంగా ఎల్టీటీఈ మనిషివా కాదా అన్నది ఇక్కడ లెక్క కాదు, వాళ్లు అట్లా అనుకుంటే చాలు. అది తేలాక, నీ చేతులతో, నీ ఇష్టంతో ఏం చేశావు? 1951 శరణార్థుల ఒప్పందంలో 1ఎఫ్ అని ఒక నిబంధన ఉంది. యుద్ధ నేరాలు, మానవత్వం మీద నేరాలు చేశారని నమ్మడానికి గట్టి కారణాలుంటే, ఎంత ప్రమాదం ఉన్నా ఆ ఒప్పందం కింద శరణార్థిగా గుర్తించరు. ఆస్ట్రేలియా చట్టంలోనూ ఈ నిబంధన ఉంది. అందుకే మీవాడి రూమ్మేట్ భయపడ్డాడు, గతం చెప్పకపోతే కేసు లేదు, చెప్తే ఉగ్రవాది అంటారేమోనని.

కానీ నీ ఇష్టంతో ఏం చేశావన్న ప్రశ్న అతన్ని దెబ్బతీసేలా లేదు. 2010లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఒక ఎల్టీటీఈ సభ్యుడి కేసులోనే తేల్చింది, సంస్థలో ఉన్నంత మాత్రాన 1ఎఫ్ కిందికి రాడు, నేరానికి తెలిసి, తన ఇష్టంతో, చెప్పుకోదగ్గ సాయం చేశాడా అన్నది చూడాలి అని. అది ఆస్ట్రేలియాను కట్టిపడేసే తీర్పు కాదు, దారి చూపే తీర్పు. ఎల్టీటీఈ ఇంటికొకరిని ఇమ్మని పిల్లల్ని కూడా లాక్కుపోయిన సంగతి లోకమంతా ఎరిగిందే. పదిహేడేళ్లవాడిని పట్టుకుపోయి పార ఇస్తే, స్ట్రెచర్ మోయిస్తే, అది వేరే లెక్క. అయితే కాపలా కాశాడా, పట్టుబడ్డవాళ్లను విచారించేచోట ఉన్నాడా, అట్లాంటిది ఏదైనా ఉంటే ఇప్పుడే లాయర్‌కు చెప్పాలి. ఎదుటివాళ్లు బయటపెట్టేదాకా ఆగితే కష్టం.

నాకు ఎక్కువ దిగులు, తిరిగి పోతే ఆ ప్రభుత్వం ఏమనుకుంటుందన్న ప్రశ్న గురించే. యుద్ధం 2009 మే 18న ముగిసింది. పదకొండు వేలకు పైగా మాజీ సభ్యులను అక్కడి ప్రభుత్వం 'పునరావాసం' పేరుతో నిర్బంధంలో ఉంచి వదిలింది. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ 2012 మార్గదర్శకాల్లో, పోరాడినవాళ్లే కాదు, ఆశ్రయం ఇచ్చినవాళ్లు, రవాణా చేసినవాళ్లు, కుటుంబ సభ్యులు కూడా ప్రమాదంలో ఉండొచ్చని రాసింది. మరుసటి ఏడే బ్రిటన్ ట్రిబ్యునల్ ఇంకో మాట అంది, కొలంబో చూపు పాత సంబంధాల మీద కాదు, విదేశాల్లో కూర్చుని మళ్లీ వేర్పాటు ఉద్యమం లేపుతారేమో అనిపించేవాళ్ల మీద ఉంది అని. ఆ లైన్ ఇప్పటికీ బలంగా ఉంది. అందుకని "ఒకప్పుడు ఎల్టీటీఈలో ఉన్నాను" అన్న ఒక్క ముక్కతో ఇవాళ కేసు గెలవడం కష్టం. ఆ తర్వాత ఏం జరిగిందో కావాలి. క్యాంపులో గుర్తుపట్టారా? ఇంటికి సీఐడీ వాళ్లు వచ్చారా, ఎన్నిసార్లు, ఎవరిని అడిగారు? అన్నదమ్ముల్లో ఎవరన్నా పునరావాస క్యాంపుకు పోయారా? 1979 నాటి ఉగ్రవాద నిరోధక చట్టం కింద కేసుందా, వారెంటుందా? సొంత పాస్‌పోర్టు మీద ఎయిర్‌పోర్టు దాటి వచ్చాడా? వస్తే ఎట్లా రాగలిగాడు? ఈ చివరిది తప్పకుండా అడుగుతారు.

ఇక మొదట దాచిన సంగతి. ఆస్ట్రేలియా చట్టంలోనే ఉంది, కొత్త విషయం ట్రిబ్యునల్ ముందు మొదటిసారి చెప్తే, ముందు ఎందుకు చెప్పలేదో సరైన కారణం చూపించాలి, లేకపోతే దాన్ని వ్యతిరేకంగానే తీసుకుంటారు. "భయపడ్డాను" అంటే చాలదు. ఎవరికి భయపడ్డాడు? ఇంటర్‌ప్రెటర్ ఎవరు, ఆ మాట ఊరికి చేరుతుందనుకున్నాడా? ఊళ్లో అమ్మానాన్న ఉన్నారా? మీ వాడి ఉత్తరం ఇక్కడే పనికొస్తుంది. దరఖాస్తు కొట్టేయకముందే, కేసుతో సంబంధం లేకుండా, ఏ అర్ధరాత్రో ఈ సంగతి చెప్పి ఉంటే, అది అప్పీలు కోసం అల్లిన కథ కాదని తెలుస్తుంది.

ఒంటి మీద మచ్చలుంటే డాక్టర్ రిపోర్టు తప్పనిసరి. 2019లో బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా పోయిన ఒక తమిళుడి కేసు ఉంది. ఎల్టీటీఈ కోసం బంగారం విలువ కట్టి, అప్పుడప్పుడు కరిగించి ఇచ్చినవాడు. ప్రభుత్వ బలగాలు కాల్చిన చువ్వలతో వాతలు పెట్టాయన్నాడు. కావాలని ఎవరితోనో పెట్టించుకున్నాడని కింది ట్రిబ్యునల్ అంది. చేతుల మీది మచ్చలు అంచులు చెదిరి ఉన్నాయి, వీపు మీదివి గీత గీసినట్టున్నాయి. చేతులు కాల్చినప్పుడు మెలకువలో ఉండి గుంజుకున్నాడు, వీపు కాల్చేసరికి స్పృహ తప్పాడు అని డాక్టర్ వివరించాడు. ఆశ్రయం కోసం ఇంత నొప్పి కోరి పెట్టించుకునేవాళ్లు చాలా అరుదు అని చెప్పి, సుప్రీంకోర్టు కేసును మళ్లీ విచారించమంది. నేను ఆ తీర్పు చదివి చాలాసేపు పుస్తకం మూయలేకపోయాను.

అతనికి మీవాడి ద్వారా మూడు మాటలు చేరవేయండి. దరఖాస్తు కొట్టేశామని వచ్చిన ఉత్తరంలో గడువు ఉంటుంది, మామూలుగా 28 రోజులు, అది దాటితే అప్పీలు దారి మూసుకుపోతుంది. కేసు కోసమని ఇప్పుడు కొత్తగా, చనిపోయిన ఎల్టీటీఈ వాళ్లను తలుచుకునే నవంబర్ 27 మావీరుల దినాలకు పోయి ఫోటోలు దిగొద్దు, కేసు బలపడడానికే చేసిందనిపిస్తే దాన్ని చట్టం పక్కన పెట్టేస్తుంది. మనసారా పోయేవాడైతే ఆ సంగతి వేరు. కాగితాల కోసం శ్రీలంక కాన్సులేట్ మెట్లు ఎక్కొద్దు, ముందు లాయర్‌ను అడగమనండి. ఫీజు కట్టలేకపోతే అక్కడ ఉచితంగా చూసే న్యాయ సహాయ కేంద్రాలున్నాయి. ఏజెంటును పెట్టుకుంటే రిజిస్ట్రేషన్ నంబరు చూసుకోవాలి.

మీ అబ్బాయిని రాయమనండి సార్. రెండు పేజీలు చాలు.

ప్రశ్న: శ్రీలంక తమిళులకు అంత దూరం ఎందుకు, పక్కనే మన దేశం ఉంది కదా, ఇక్కడ ఆశ్రయం అడగకూడదా?
– ఇంజనీరింగ్ విద్యార్థిని, కాజీపేట

జవాబు: అడగడానికి ఇక్కడ చట్టమే లేదమ్మా. 1951 ఒప్పందం మీద మన దేశం సంతకం పెట్టలేదు. తమిళనాడులో 80ల నుంచి క్యాంపులున్నాయి, మండపంలో ఉన్నది అందరికీ తెలుసు. రేషన్, నెలకు ఇంత డబ్బు ఇస్తారు, కానీ అక్కడే పుట్టి పెళ్లీడుకొచ్చిన పిల్లలు కూడా పౌరులు కారు. 2019 పౌరసత్వ సవరణలో శ్రీలంక పేరు లేదు. ఎల్టీటీఈ సంబంధం ఉందంటే ఇంకా కష్టం, రాజీవ్ గాంధీ హత్య తర్వాత 1992లోనే నిషేధించారు, ఆ నిషేధం పొడిగిస్తూ వస్తున్నారు. 2025 మేలో ఒక శ్రీలంక తమిళుడు సుప్రీంకోర్టుకు వెళ్లాడు. ఎల్టీటీఈ సంబంధాల ఆరోపణతో 2015లో అరెస్టై, శిక్ష పడ్డవాడు. తిరిగి పంపిస్తే ప్రాణానికి ముప్పు అని మొరపెట్టుకున్నాడు. మన దేశం ధర్మశాల కాదు, ఇంకో దేశానికి పొమ్మన్నారు.