రేడియేటర్‌లో గాలి తీసిన పది రోజులకే మళ్లీ చేరుతోందంటే ముందు బాయిలర్ గేజి చూడండి

మేడ మీది పడకగదిలో రేడియేటర్ (బాయిలర్ నుంచి వచ్చే వేడి నీటితో గదిని వేడిచేసే పలక) కింద వేడిగా, పైన చల్లగా ఉంటోందని, గాలి తీసిన పది రోజులకే మళ్లీ బుడబుడ చప్పుడు మొదలవుతోందని రాశారు. మా ఇంట్లో ఒక చలికాలమంతా సరిగ్గా ఇదే జరిగింది. ఆ గదిలో మా అమ్మ ఉండేది. గోడలో ఎవరో నీళ్లు పుక్కిలిస్తున్నట్టు ఉందంటూ అర్ధరాత్రి లేచి, మోకాళ్ల మీద రెండు దుప్పట్లు కప్పుకుని కూర్చునేది. ఆమెను అలా చూసిన రోజులు ఇంకా గుర్తున్నాయి కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

మీరు చెప్పిన లక్షణం గాలిదే. గాలి రేడియేటర్ పైభాగాన చేరి కూర్చుంటే వేడి నీరు అక్కడికి ఎక్కలేదు. అదే పైన వేడిగా ఉండి, కింద మధ్యలో చల్లగా ఉంటే అడుగున తుప్పు మడ్డి పేరుకుందని అర్థం. గాలి ఎన్నిసార్లు తీసినా దానికి ఫలితం ఉండదు. హీటింగ్ మొదలైన కాసేపటికి, మరీ కాలకముందే, అరచేతిని పై అంచు నుంచి కిందికి జరుపుతూ చూస్తే ఏది ఏదో తెలిసిపోతుంది.

గాలి తీసే పద్ధతి మీకు తెలిసినదే. అయినా రెండు మూడు విషయాలు చెప్పాలి. హీటింగ్ ఆపి, నీరు చల్లారేదాకా ఆగండి. చెయ్యి కాలుతుందన్నది ఒక్కటే కారణం కాదు. నీటిని తిప్పే పంపు నడుస్తుంటే గాలి ఒకచోట నిలవదు, కొన్నిచోట్ల పంపు బయటి గాలిని లోపలికి లాగనూ లాగుతుంది. కింది అంతస్తుతో మొదలుపెట్టి పైకి వెళ్లండి. రేడియేటర్‌కు రెండు చివరలా ఉన్న వాల్వులు తెరిచి ఉండాలి. రేడియేటర్ పై మూలన ఉన్న గాలి మరను చిన్న తాళంచెవితో పావు చుట్టు తిప్పితే చాలు, సుయ్‌మని గాలి పోయి నీటి చుక్క కనిపించగానే బిగించేయాలి. మర ఊడి చేతికొచ్చేదాకా తిప్పారంటే మాత్రం నల్లటి నీరు గది నిండా చిమ్ముతుంది. కింద పాత గుడ్డ వేసుకోండి, ఆ మరక అంత తేలిగ్గా పోదు.

ఇక అసలు సంగతి. నేను పది రోజులకొకసారి ఈ పనంతా చేసేవాణ్ణి. గాలి పోయేది, బాయిలర్ మీద నీటి పీడనం చూపే గేజిలో ముల్లు పడిపోయేది, కుళాయి నీటిని లోపలికి పంపే నింపే గొట్టం తెరిచి కొత్త నీరు పట్టేవాణ్ణి, ఆ రాత్రి అమ్మ హాయిగా నిద్రపోయేది. పని పూర్తయిందనుకునేవాణ్ణి. ఒక రోజు తాళంచెవి తిప్పితే ఏ చప్పుడూ లేదు, చుక్క నీరు కూడా రాలేదు. అనుమానం వచ్చి పల్చటి కాగితం ముక్కను గాలి పోయే రంధ్రం దగ్గర పెట్టాను. అది ఎగిరిపోవాల్సింది పోయి రంధ్రానికి అతుక్కుంది. అంటే రేడియేటర్ గాలిని బయటికి వదలడం లేదు, గదిలోని గాలిని లోపలికి పీల్చుకుంటోంది. వెంటనే బిగించి బాయిలర్ దగ్గరికి వెళ్లి చూస్తే గేజి 0.2 బార్ (పీడనం కొలిచే ప్రమాణం) దగ్గర ఉంది.

నీరు 10 మీటర్లు పైకి ఎక్కాలంటే సుమారు 1 బార్ పీడనం కావాలి. మా పైగది రేడియేటర్ బాయిలర్ కంటే దాదాపు 4 మీటర్ల ఎత్తులో ఉంది, అంటే 0.4 బార్ అక్కడికి చేరడానికే సరిపోతుంది. కింద 0.2 మాత్రమే ఉంటే పైన ఉండేది పీడనం కాదు, లాగుడు. ఇలాంటప్పుడు ఎక్కడ సందు దొరికినా గాలి లోపలికి దూరుతుంది. అందుకే సాధారణ ఇంట్లో నీరు చల్లగా ఉన్నప్పుడు గేజి 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలంటారు. తాళంచెవి పట్టుకునే ముందు గేజి చూడటం అప్పటి నుంచి నాకు అలవాటైంది. తక్కువగా ఉంటే ముందు నీరు పట్టి, తర్వాతే గాలి తీస్తాను. చివర్లో గేజిని మళ్లీ చూస్తాను. నింపే గొట్టానికి ఉన్న రెండు వాల్వులూ గట్టిగా మూసుకున్నాయో లేదో కూడా చూడాలి.

అయితే నీరు పట్టడమే మందు అనుకోకండి. పొయ్యి మీద నీళ్లు పెడితే మరగడానికి చాలా ముందే గిన్నె గోడలకు సన్నని బుడగలు అంటుకోవడం చూసే ఉంటారు. లీటరు చన్నీళ్లలో సుమారు 20 మిల్లీలీటర్ల గాలి కరిగి ఉంటుంది, వేడెక్కగానే అది బయటపడుతుంది. అంటే నేను గాలి తీసి కొత్త నీరు పట్టిన ప్రతిసారీ మరికొంత గాలిని నా చేతులతోనే లోపలికి పంపాను. అందులోని ఆక్సిజన్ ఇనుమును తినేస్తుంది. చలికాలం చివరికి బయటికొచ్చిన నీరు సిరాలా ఉంది.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: నీరు ఎటు పోతోంది? మా ఇంట్లో ఎక్కడా తడి లేదు. చివరికి సోఫా వెనక ఉన్న రేడియేటర్ దగ్గర టార్చి వేసి చూస్తే, వాల్వు కాడ చుట్టూ ఉన్న నట్టు మీద ఉప్పు పట్టినట్టు తెల్లటి పొర, దాని అంచున కాస్త పచ్చదనం కనిపించాయి. కారిన చుక్క వేడి ఇత్తడి మీద అక్కడికక్కడే ఆవిరైపోయి, అందులోని లవణాలు మాత్రం మిగిలాయి. స్పానరుతో ఆ నట్టును కొద్దిగా, నిజంగా కొద్దిగానే, బిగించాను. ఆ తర్వాత గేజి కదల్లేదు.

మీ ఇంట్లో అలాంటి మరక కనిపించకపోతే గేజిని వేడిలోనూ గమనించండి. చల్లగా ఉన్నప్పుడు 1 దగ్గర ఉండి, వేడెక్కేసరికి 3 దాకా ఎగబాకుతోందంటే, నీరు వ్యాకోచించడానికి చోటిచ్చే ట్యాంకులో గాలి పోయిందన్నమాట. 3 బార్ దగ్గర రక్షణ వాల్వు తెరుచుకుని నీటిని ఇంటి బయటి గొట్టం గుండా వదిలేస్తుంది, తెల్లారేసరికి గేజి పడిపోయి ఉంటుంది. ఆ గొట్టం మూతికి ఒక ప్లాస్టిక్ సంచి వదులుగా కట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున సంచిలో నీరుంటే దారి దొరికినట్టే. ఆ ట్యాంకు పని, బాయిలర్ మూత తెరిచే పని మాత్రం అర్హత ఉన్న సాంకేతిక నిపుణుడికే వదిలేయండి. గ్యాసుతో ప్రయోగాలు వద్దు. మీది అటక మీద చిన్న తొట్టి ఉండే పాత పద్ధతి అయితే గేజి ఉండదు. ఆ తొట్టిలో నీరుందో లేదో, తేలే బంతి వాల్వు ఇరుక్కుపోయిందో చూడండి.

గేజి ఏమాత్రం తగ్గకుండా, కొత్త నీరు పట్టకుండానే గాలి చేరుతుంటే అది చాలాసార్లు గాలి కాదు, హైడ్రోజన్. లోపల ఇనుము తుప్పు పడుతున్నప్పుడు పుట్టే వాయువు అది, మండే స్వభావం ఉన్నది. గాలి తీసేటప్పుడు దగ్గర్లో దీపం, అగ్గిపుల్ల లేకుండా చూసుకోండి. దీనికి పరిష్కారం తాళంచెవి కాదు. పాత నీరు వదిలి, గొట్టాలు కడిగించి, తుప్పు నిరోధక ద్రావణం కలపాలి. నట్టు బిగించాక మేమూ ఆ పని చేయించాం. మరుసటి చలికాలంలో అమ్మ గదిలో గాలి తీయాల్సి వచ్చింది ఒక్కసారే.

ఈ రాత్రి హీటింగ్ ఆపి, పొద్దున నీరు చల్లగా ఉన్నప్పుడు గేజి అంకెను కాగితం మీద రాసి బాయిలర్ పక్కన అంటించండి. వారం పాటు నీరు కలపకుండా, మళ్లీ అదే వేళకు చూడండి. ఆ రెండు అంకెలూ ఇక్కడ రాస్తే తర్వాత ఎక్కడ వెతకాలో చెప్పగలను. వారంలోపే 0.5 కంటే కిందికి పడితే మాత్రం వారం అయ్యేదాకా ఆగకుండా వెంటనే నీరు పట్టి, ఎన్నో రోజున పడిందో రాయండి.